మనసు జబ్బుల నర్సుకు పై చదువు ఎందుకు?

బెంగళూరులో నర్సుగా పనిచేసే మా పెద్దమ్మ కూతురు పోయిన ఉగాదికి ఊరికి వచ్చింది. మానసిక వైద్య నర్సింగులో ఎం.ఎస్సీ. చేయాలని ఉందని ఇంట్లో చెప్పింది. మా అవ్వకు నచ్చలేదు. "పిచ్చోళ్ళను చూసుకునేదానికి మళ్ళా రెండేండ్లు చదువెందుకే? ధైర్యముంటే సాలదా?" అనింది. మా చిన్నాయన ఇంకో మాట అన్నాడు: "గుండె నర్సు, పిల్లల నర్సు అంటే చెప్పుకోను బాగుంటుంది. దీన్ని పెండ్లిచూపులకొచ్చిన వాళ్ళకు ఏమని చెప్పల్ల?"

అక్క నవ్వి ఊరుకుంది. నన్ను మాత్రం ఆ ప్రశ్న వదల్లేదు. ఆ చదువులో ఏముంది? రెండేండ్లు కూర్చోబెట్టి నేర్పేంత పని అందులో ఉందా? అక్కను అడిగి, కొంత చదివి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను. మన కళాశాలలో చాలామందికి నర్సింగు చదివే చెల్లెళ్ళో, చదవాలనుకునే బంధువులో ఉంటారు. వాళ్ళకైనా పనికొస్తుంది.

పేరు మారింది, పని మారింది

బెంగళూరు నిమ్హాన్స్ ఆసుపత్రి పేరు మన తాలూకాలో వినని ఇల్లుండదు. తలకు దెబ్బ తగిలినా, మూర్ఛ వచ్చినా, మనసు చెదిరినా అక్కడికే పొమ్మంటారు. దానికి మూలం పాతకాలపు పిచ్చాసుపత్రి. 1925లో మైసూరు ప్రభుత్వం ఆ పేరు తీసేసి 'మెంటల్ హాస్పిటల్' అని పెట్టింది. 1954లో అక్కడ అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ ఏర్పడింది. 1974లో ఆ రెండింటినీ కలిపి నిమ్హాన్స్ చేసినారు.

పిచ్చాసుపత్రి రోజుల్లో రోగిని తప్పించుకుపోకుండా చూడటమే ముఖ్యమైన పని. దానికి కావలివాళ్ళు చాలు. జబ్బుకు వైద్యం ఉందని తేలినాక కావలి చాలలేదు. చదువుకున్న నర్సు కావలసి వచ్చింది. అందుకే 1956లోనే బెంగళూరులో నర్సులకు మానసిక వైద్యంలో ఒక ఏడాది ప్రత్యేక శిక్షణ మొదలుపెట్టినారు. అంటే మా అవ్వ కొత్తగా విన్న చదువు మన రాష్ట్రంలో అవ్వ చిన్నప్పటినుంచే ఉంది.

దానికి కాస్త ముందు, 1952లో, అమెరికాలో హిల్డెగార్డ్ పెప్లావ్ అనే నర్సు ఒక పుస్తకం రాసింది. సూది వేయడం, మాత్ర ఇవ్వడంతోనే నర్సు పని అయిపోదనీ, రోగికీ నర్సుకూ మధ్య ఏర్పడే సంబంధం కూడా వైద్యంలో భాగమేననీ ఆమె చెప్పింది. ఈ రోజుకీ మానసిక నర్సింగు పాఠాలు ఆ మాట మీదే నిలబడి ఉన్నాయి.

జబ్బు ఏ భాషలో మాట్లాడుతుంది?

మన ఊళ్ళలో ఎవరూ ఆసుపత్రికి వచ్చి "నాకు డిప్రెషన్ ఉంది" అనరు. "గుండెల్లో దడగా ఉంది", "తల బరువు", "ఒళ్ళంతా మంటలు", "నిద్ర పట్టడంల్యా", "మనసు యట్లో అయితాంది" అంటారు. గుండె పరీక్ష చేస్తారు, బాగుంటుంది. గ్యాస్ మాత్ర ఇస్తారు, తగ్గదు. ఇంకో డాక్టరు దగ్గరికి పోతారు. అప్పటికీ తగ్గకపోతే "గాలి సోకింది", "ఎవరో ఏదో చేయించినారు" అని తాయెత్తు కట్టిస్తారు. ఇట్లా నెలలు, ఒక్కోసారి ఏండ్లు గడిచిపోతాయి.

నిమ్హాన్స్ 2015–16లో 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసింది. పెద్దవాళ్ళలో నూటికి సుమారు 10 మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు అందులో తేలింది. వైద్యం అందనివాళ్ళు జబ్బును బట్టి నూటికి 70 నుంచి 92 మంది దాకా ఉన్నారు. అంటే వందమందికి జబ్బుంటే అందులో ఎనిమిదిమందికే వైద్యం అందే జబ్బులు కూడా ఉన్నాయి.

ఈ ఖాళీలో మొదట ఎదురయ్యేది నర్సే. డాక్టరు దగ్గర కూర్చునేది అయిదు నిమిషాలు. నర్సుతో గడిపేది రోజంతా. "ఒళ్ళు మంటలు" అనే మాట వెనక దిగులుందో, థైరాయిడ్ ఉందో, ఇంట్లో తాగొచ్చి కొట్టే మొగుడున్నాడో మెల్లగా విప్పి చూడగలిగే అవకాశం ఆమెకే ఎక్కువ. కానీ విప్పడం ఎట్లాగో నేర్చుకోవాలి. పై చదువులో సగం ఇదే.

సామెత కూడా పరీక్షే

మన తెలుగు తరగతికి దగ్గరైన సంగతి ఒకటి చెప్తాను. రోగి మానసిక స్థితిని పరీక్షించడానికి ఒక క్రమం ఉంది. వేషం, నడక, మాట తీరు, మూడ్, ఆలోచనల వరుస, లేనివి వినపడటం కనపడటం, రోజు తేదీ తెలియడం, జ్ఞాపకం, తనకు జబ్బుందన్న ఎరుక, ఇట్లా ఒక్కొక్కటే చూస్తారు. అందులో ఒక మెట్టు సామెత. ఒక సామెత చెప్పి అర్థం అడుగుతారు.

"పెరటి చెట్టు మందుకు పనికిరాదు" అన్నామనుకోండి. మామూలుగా ఉన్న మనిషి "మన దగ్గరున్నదాని విలువ మనకు తెలియదు" అంటాడు. ఆలోచన దెబ్బతిన్న మనిషి "పెరట్లో చెట్టుకు నీళ్ళు పోయలేదు, ఎండిపోయింటుంది" అనొచ్చు. మాట దాటి భావంలోకి పోలేకపోవడం ఒక గుర్తు. అయితే ఒక్క సామెతతో తీర్పు చెప్పరు. బడికి పోనివాళ్ళు, ఆ సామెతే విననివాళ్ళు తప్పు చెప్తే అది జబ్బు కాదు. ఎవరిని ఏ సామెత అడగాలో నర్సుకు తెలిసుండాలి.

ఇప్పుడు ఆలోచించండి. పావగడ నుంచి పోయిన ముసలాయనను ఇంగ్లీషు సామెత అడిగితే ఏం లాభం? ఈ సామెతకు కన్నడలో "హిత్తల గిడ మద్దల్ల" అని జోడీ ఉంది. మన పిల్లలకు రెండూ ఇంట్లోనే వచ్చు. వేరే రాష్ట్రం నుంచి వచ్చిన నర్సు ఎంత మంచిదైనా ఈ మెట్టు దగ్గర దుబాసీ కోసం చూడాల్సిందే. నాగలమడికెలోనో వై.ఎన్. హొసకోటలోనో పుట్టిన అమ్మాయికి ఆ అవసరం ఉండదు. మనం ఇక్కడ సరిహద్దు భాష అని చిన్నచూపు చూసుకునే మాట ఆ వార్డులో పనిముట్టు అవుతుంది.

వినడం నేర్పే పద్ధతి

ఎం.ఎస్సీ. లో 'ప్రాసెస్ రికార్డింగ్' అని ఒక అభ్యాసం ఉంటుంది. రోగితో మాట్లాడి వచ్చినాక, జరిగిన సంభాషణను ఉన్నది ఉన్నట్టు రాయాలి. ఒక వరుసలో రోగి అన్న మాట, పక్క వరుసలో నర్సు అన్న మాట, ఇంకో వరుసలో ఆ క్షణంలో నర్సు మనసులో ఏమైంది, తన మాట పనిచేసిందా లేదా అన్నది. తర్వాత టీచరు దగ్గర కూర్చొని వరుస వరుసా పరిశీలిస్తారు.

అక్క ఒక ఉదాహరణ చెప్పింది. రోగి "నేనెవరికీ పనికిరాను" అంటుంది. మనమైతే వెంటనే "అట్లనకూడదమ్మా, దేవుడున్నాడు, అంతా సర్దుకుంటుంది" అంటాం. ప్రేమతోనే అంటాం. కానీ ఆ మాటతో తలుపు మూసుకుపోతుంది. ఆమె ఇంకేమీ చెప్పదు. "ఎప్పటినుంచి అట్లనిపిస్తా ఉంది?" అని అడిగి ఊరుకుంటే ఆమె చెప్తుంది. ఆ ఊరుకోవడమే కష్టం. రోగి మౌనంగా ఉన్న రెండు నిమిషాలు మాట్లాడకుండా పక్కన కూర్చోవడం కూడా నేర్పే విద్యేనట.

లేని గొంతులు వినపడే రోగి దగ్గర ఏం చేయాలి? "ఎవరూ లేరు, నీ భ్రమ" అని వాదించకూడదు. "అవును, నాకూ వినపడుతోంది" అనీ అనకూడదు. "మీకు వినపడుతోందని తెలుస్తోంది. నాకు వినపడటం లేదు. అది మిమ్మల్ని ఏం చేయమంటోంది?" అని అడగాలి. ఆఖరి ప్రశ్న ప్రాణం కాపాడే ప్రశ్న. ఆ గొంతు చావమంటోందా, ఎవరినైనా కొట్టమంటోందా అన్నది తెలిస్తేనే కాపలా ఎంత కావాలో తెలుస్తుంది.

ఇంకో భయం కూడా ఈ చదువు పోగొడుతుంది. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని మనకు భయం. అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు. అడిగేవాళ్ళు దొరికితే బరువు దిగుతుంది. అడిగినాక చేయాల్సిన పని కూడా ఉంది. మనది సేద్యం చేసే తాలూకా, ఇంట్లో పురుగుల మందు డబ్బా ఉంటుంది. దాన్ని ఆ మనిషి చేతికి అందకుండా తీసేయమని ఇంటివాళ్ళకు చెప్పడం నర్సు బాధ్యత.

మాత్ర ఎందుకు మానేస్తారు?

"రెండు నెలలు వాడినాం, లాభంల్యా, మానేసినాం." ఈ మాట మనందరం విన్నదే. మానేయడానికి తరచు కారణముంటుంది. కొన్ని మందులకు ఒళ్ళు బిగుసుకుపోతుంది, చేతులు వణుకుతాయి, ఒకచోట కూర్చోలేక కాళ్ళు ఆడిస్తూనే ఉంటారు. ఇంటివాళ్ళు జబ్బు ముదిరిందనుకుంటారు. నిజానికి అది మందు ప్రభావం, డాక్టరు మోతాదు మార్చి సరిచేయవచ్చు. ఈ తేడా కనిపెట్టాల్సింది రోజూ చూసే నర్సు.

లిథియం సంగతి మన ఎండలకు బాగా సంబంధించింది. ఒకసారి పట్టలేని హుషారు, ఇంకోసారి తీరని దిగులు వచ్చే జబ్బుకు ఈ మందు ఇస్తారు. రక్తంలో దాని పాళ్ళు తగ్గితే పనిచేయదు, పెరిగితే విషమవుతుంది. ఒంట్లో నీళ్ళు తగ్గితే పాళ్ళు పెరుగుతాయి. ఏప్రిల్ ఎండలో కూలికి పోయి చెమటలు కారి, సరిగ్గా నీళ్ళు తాగని మనిషికి వాంతులు, వణుకు, తూలడం మొదలైతే అది వడదెబ్బే అనుకొని వదిలేయకూడదు. వెంటనే ఆసుపత్రికి పోయి రక్తపరీక్ష చేయించాలి. ఈ సంగతి ఊరికి పోయే ముందే, వాళ్ళకు అర్థమయ్యే మాటల్లో చెప్పి పంపడం నర్సు పని.

అవ్వ చెప్పిన సంగతి

ఇవన్నీ మాట్లాడుకుంటున్నప్పుడు అక్క కాన్పు తర్వాత వచ్చే మనసు జబ్బు గురించి చెప్పింది. వెయ్యి కాన్పుల్లో ఒకరికో ఇద్దరికో, ఎక్కువగా మొదటి రెండు వారాల్లోనే, ఉన్నట్టుండి నిద్ర పోతుంది, మాట తడబడుతుంది, బిడ్డ తనది కాదంటుంది, ఎవరో చంపడానికి వస్తున్నారంటుంది. ఇది అత్యవసరంగా చూడాల్సిన జబ్బు. వైద్యం అందితే చాలామంది పూర్తిగా కోలుకుంటారు. నిమ్హాన్స్‌లో 2009 నుంచి తల్లీబిడ్డలను కలిపి ఉంచుకొని వైద్యం చేసే వార్డు ఉంది. అక్కడ తల్లికి మందు ఇస్తూనే, బిడ్డను ఎత్తుకోవడం, పాలివ్వడం పక్కనుండి చేయించేది నర్సులే.

అంతవరకు తమలపాకులు నములుతూ వింటున్న అవ్వ నమలడం ఆపింది. "మా చిన్నచెల్లెలికి అదే వచ్చింది" అనింది. "బాలింత సన్ని అన్న్యారు. బిడ్డను లాక్కొని వేరే ఇంటికి పంపించినారు. దాన్ని కొట్టంలో పెట్టి గొళ్ళెం వేసినారు. అరిచి అరిచి గొంతు పోయింది. ఏడాది తిరక్కుండానే పాయ." మా అమ్మకు కూడా ఆ సంగతి తెలియదు. అరవై ఏండ్లు ఆమె పేరు మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

అక్క అవ్వ చెయ్యి పట్టుకుంది. "అట్లనకు, అయిపోయింది కదా" అనలేదు. "ఆమె పేరేంది అవ్వా?" అని అడిగింది. అవ్వ చాలాసేపు మాట్లాడింది. చదువులో నేర్పే పని ఏమిటో నాకు అప్పుడు తెలిసింది.

గొలుసులు వద్దన్న చట్టం

గొళ్ళేలు, గొలుసులు మన ఇంటి కథ మాత్రమే కాదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, మనసు బాగలేనివాళ్ళను ఉంచిన ఒక పాకకు నిప్పంటుకుంది. గొలుసులతో కట్టేసి ఉండటం వల్ల పారిపోలేక 28 మంది చనిపోయారు. 2017లో వచ్చి, 2018 మే 29 నుంచి అమలవుతున్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక రోగిని ఏ రూపంలోనూ గొలుసులతో కట్టరాదని చెప్తుంది. మత్తు ఇవ్వకుండా కరెంటు వైద్యం చేయకూడదు. వైద్యం కోసం చేరిన తల్లి దగ్గరనుంచి మూడేండ్లలోపు బిడ్డను మామూలుగా వేరు చేయకూడదు. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని నేరస్థుడిగా కాక, తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాడిగా చూడాలి. వార్డులో ఈ హక్కులను రోజువారీగా నిలబెట్టేది నర్సు. అందుకే చట్టం కూడా ఆమె పాఠాల్లో భాగం.

గుడికో దర్గాకో పోవద్దని ఎవరూ అనరు. దండం పెట్టుకోండి, మాత్ర కూడా మింగండి అని చెప్పగలిగితే చాలు. ఆ మాట మన యాసలో చెప్పేవాళ్ళుంటే ఇంటివాళ్ళు వింటారు.

ఏ మెట్టు తర్వాత ఏ మెట్టు

ఈ దారి కొంచెం పొడుగే. సూటిగా చెప్తాను.

పి.యు.సి. లో భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు చదివినవాళ్ళు నాలుగేండ్ల బి.ఎస్సీ. నర్సింగులో చేరవచ్చు. ఆర్ట్స్ చదివినవాళ్ళకు మూడేండ్ల జి.ఎన్.ఎం. దారి ఉంది. జి.ఎన్.ఎం. తర్వాత రెండేండ్ల పోస్ట్ బేసిక్ బి.ఎస్సీ. చేయవచ్చు. ఎం.ఎస్సీ. నర్సింగుకు భారత నర్సింగ్ కౌన్సిల్ నియమం ప్రకారం బి.ఎస్సీ. నర్సింగు గానీ పోస్ట్ బేసిక్ బి.ఎస్సీ. గానీ ఉండాలి, కనీసం 55 శాతం మార్కులుండాలి, రాష్ట్ర కౌన్సిల్‌లో నమోదై ఉండాలి, ఒక ఏడాది పని అనుభవం ఉండాలి. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు మార్కుల్లో సడలింపు ఉంది. చేరే ముందు ఆ ఏటి ప్రకటన చూసుకోవడం మంచిది.

ఎం.ఎస్సీ. రెండేండ్లు. పెద్దవాళ్ళ జబ్బులు, ప్రసూతి, పిల్లలు, సమాజ ఆరోగ్యం, మానసిక ఆరోగ్యం అనే అయిదు శాఖల్లో ఒకటి ఎంచుకోవాలి. నర్సింగు బోధన, పరిశోధన, గణాంకాలు, నిర్వహణ అందరికీ ఉంటాయి. వీటితోపాటు ఒక పరిశోధన వ్యాసం రాయాలి. మానసిక శాఖవాళ్ళు తీవ్ర రోగుల వార్డు, తాగుడు మాన్పించే విభాగం, పిల్లల విభాగం, పునరావాసం, ఊళ్ళలో పని, అన్నిచోట్లా తిరగాలి. రెండేండ్లు కుదరనివాళ్ళకు మానసిక నర్సింగులో ఒక ఏడాది పోస్ట్ బేసిక్ డిప్లొమా ఉంది, దానికి జి.ఎన్.ఎం. చదివినవాళ్ళూ అర్హులే.

మన రాష్ట్రంలో నిమ్హాన్స్‌తోపాటు రాజీవ్ గాంధీ ఆరోగ్య విశ్వవిద్యాలయం కింది కాలేజీలున్నాయి. సరిహద్దు దాటితే ఆంధ్రలో ఎన్టీఆర్, తెలంగాణలో కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయాలున్నాయి. ఇప్పటికే బి.ఏ. లో ఉన్న మనలాంటివాళ్ళు నేరుగా ఎం.ఎస్సీ. నర్సింగుకు పోలేరు. ఇదే పనికి దగ్గరగా ఉండాలనుకుంటే సైకాలజీ, సోషల్ వర్క్ ఎం.ఏ. దారులున్నాయి.

చదివి ఎక్కడికి పోవాలి?

ఎం.ఎస్సీ. అయినవాళ్ళు చాలామంది కాలేజీల్లో పాఠాలు చెప్పే ఉద్యోగాలకు పోతారు. అది తప్పు కాదు, టీచర్లూ కావాలి. కానీ ఈ చదువు ఊళ్ళ దగ్గరికి రాగలదని మన చుట్టుపక్కలే రుజువైంది. తెలుగు, కన్నడ కలిసి మాట్లాడే బళ్ళారిలో 1985లో ఒక ప్రయత్నం మొదలైంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు, ఆరోగ్య కార్యకర్తలకు నిమ్హాన్స్‌వాళ్ళు శిక్షణ ఇచ్చి, జిల్లాలోనే మానసిక వైద్యం అందేట్టు చేసినారు. 1996లో దేశంలో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి ఆ బళ్ళారి పద్ధతే నమూనా. మన తుమకూరు జిల్లా తురువేకెరె తాలూకాలో నిమ్హాన్స్‌వాళ్ళు స్కిజోఫ్రీనియా రోగులను వెతికి, వాళ్ళ ఊరి దగ్గరే వైద్యం అందించే పని చేసినారు. 2014లో కర్ణాటక ప్రభుత్వం 'మనోచైతన్య' పేరుతో తాలూకా ఆసుపత్రుల్లో మంగళవారం మానసిక వైద్యం మొదలుపెట్టింది.

జిల్లా బృందంలో డాక్టరు, సైకాలజిస్టు, సామాజిక కార్యకర్తతోపాటు నర్సు కూడా ఉంటుంది. మాత్ర మానేసిన మనిషి ఇంటికి పోయి "ఏమైందన్నా?" అని అడిగేది ఆమె. రోగి తెలుగులో చెప్పింది విని, ఫైలులో ఇంగ్లీషులో రాసి, డాక్టరుకు కన్నడలో చెప్పగల అమ్మాయి మన తాలూకాలో ఇంటింటికీ ఉంది. ఉన్నది భాష. కావలసింది ఆ చదువు.

అక్క ప్రవేశ పరీక్షకు దరఖాస్తు పెట్టింది. ఫీజుకు తక్కువైన డబ్బు అవ్వ తన పింఛను మూటలోనుంచి తీసి ఇచ్చింది. పెండ్లివాళ్ళకు ఏమని చెప్పాలో కూడా చిన్నాయనకు అవ్వే చెప్పింది: "మాట విని మనిషిని నిలబెట్టే నర్సని చెప్పు."

మనకు గానీ, ఇంట్లోవాళ్ళకు గానీ మనసు బాగలేకపోతే 14416కు ఫోన్ చేయవచ్చు. ఇది 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ టెలి మానస్ సేవ. డబ్బు కట్టక్కరలేదు, రాత్రీపగలూ ఉంటుంది, తెలుగులోనూ మాట్లాడతారు. ఈ నంబరు రాసుకొని పోండి.